కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు - వారి పుస్తకసేవ



ఈ వార్షిక మహాసభా సంచికకు మనవారిలో గతించిన ప్రముఖు నొకరి జీవితమును వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. ఆలోచింపవలసిన పని లేకయే సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు మనసునకు వచ్చినది. పాలమూరు సీమలో ఆ పేరు విననివారు లేరు. సభలలో వారి పటమునకు పూలదండ వేయుదుము, వారు మనవారని గర్వముతో చెప్పుకొందుము. కాని వారు జీవితమంతయు ఏ పనికై శ్రమపడిరో ఆ పనిని గూర్చి మన సభలలో మాట చాల తక్కువగ వినబడును. ఆ పని చదివించుట. పుస్తకమును సంపాదించుట, సంపాదించినదానిని చదువరి చేతి కందించుట, చదివినవానిచేత నాలుగు మాటలు వ్రాయించుట, వ్రాసినదానిని అచ్చువేసి మరల పదిమంది ముందుంచుట. వారిని పత్రికాధిపతి యనియు, చరిత్రకారు డనియు, శాసనసభ్యు డనియు వేరువేరుగ వర్ణించుట వాడుకయైనది. నా దృష్టికి ఇవి యన్నియు ఆ ఒక్క పనికి కొమ్మలు మాత్రమే.

ఇప్పుడే దీనిని వ్రాయుటకు మరియొక కారణము కలదు. ఈ సంచిక మీ చేతికి వచ్చునాటికి వేసవి సెలవులు దగ్గరపడి యుండును. నేనుండు మన్ననూరు నల్లమల యంచున, హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాట మీద నున్నది. ఈ దారిన కార్లలో పోవువారు మా యూరిని ఒక తనిఖీ ద్వారముగ, టీ త్రాగు తావుగ మాత్రమే ఎఱుగుదురు. ఇచ్చట వేసవి యనగా మొదట ఇప్పపూవు, తరువాత తునికాకు. పెద్దలతో పిల్లలును తెల్లవారుజామున అడవికి పోవుదురు. ఎండ ముదిరిన పిమ్మట మధ్యాహ్నమంతయు పని యుండదు. చెట్టు క్రిందనో అరుగు మీదనో కూర్చుండి ప్రొద్దు పుచ్చవలసినదే. ఒక పుస్తకము చదువుటకు ఇంతకంటె మంచి వేళ సంవత్సరములో లేదు. ఆ వేళకు మాత్రము పుస్తకము దొరకదు. బడి బీరువాకు తాళము, తాళపుచెవి సెలవుపై పోయినవారి జేబులో. నేను పనిచేసిన పాఠశాలలలో ఒకదానియందు సెలవులు ముగిసి బీరువా తెరచునప్పటికి అడుగు వరుస పుస్తకములు మట్టిగోడవలె నిలిచియుండెను. చేయి పెట్టగనే చెదపురుగులు రాలినవి. నలువదేండ్లకు దగ్గరి ఉద్యోగములో నా మనసును అంతగా నొప్పించిన దృశ్యము వేరొకటి లేదు.

ఇక ప్రతాపరెడ్డిగారి కథ.

వారి స్వగ్రామము అలంపురము ప్రాంతమున నున్న ఇటిక్యాలపాడు. అది నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. జననము 1896 మే 28వ తేది. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. నాటి అలంపురము సీమకు నిజాము రాజ్యము ఒక గట్టు, తుంగభద్ర కావల ఇంగ్లీషువారి కర్నూలు వేరొక గట్టు. నిజాము రాజ్యమున బడిచదువు ఉర్దూలో సాగుచుండెను. ఏటి కావల తెలుగుబడులు, తెలుగు పత్రికలు, తెలుగు అచ్చుకూటములు ఉండెను. ప్రతాపరెడ్డిగారు కర్నూలులో పినతండ్రిగారి యండను చదువుకొనిరి. అక్కడనే వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృత కావ్యములను పఠించిరి. ఒక ఏటి నీటిని రెండు ప్రభుత్వములవారు త్రాగుచుండగా, ఒక గట్టుననున్న బాలునికి మాతృభాషలో పుస్తకము సులభముగ దొరకుటయు, రెండవ గట్టుననున్న వానికి దొరకకపోవుటయు వారు చిన్ననాడే కన్నులార చూచియుందురు. తరువాత వారు చేసిన ప్రతి కార్యమందును ఆ రెండవ గట్టు బాలుడే నాకు కనబడును.

పిదప హైదరాబాదున నిజాము కళాశాలలోను, మదరాసులోను చదివి పట్టభద్రులైరి. న్యాయశాస్త్రమందును పట్టము పొంది కొంతకాలము వకీలు వృత్తి చేసిరి. తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషు, ఉర్దూ, పారసీ భాషలలో వారికి గట్టి పరిచయము. వకీలుగ నిలిచియుండినచో ధనము గడించియుందురు. ఆ వృత్తిలో వారు నిలువలేదు.

ఆ నాటి హైదరాబాదు స్థితి కొంత చెప్పనిదే వారి సేవ విలువ తెలియదు. 1901 సెప్టెంబరు 1వ తేదిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారు, రావిచెట్టు రంగారావుగారు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర భాషానిలయము, సికింద్రాబాదులో 1905లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలసినవి. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, తెలుగువానికి చరిత్రము, ప్రకృతిశాస్త్రము, మహాపురుషుల జీవితములు తెలుగులోనే అందించుటకు పూనినది. ఇవి దీపములే గాని చుట్టును చీకటి దట్టముగ నుండెను. 1921 నవంబరు 12వ తేదిన హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో కర్వే పండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారను వకీలు తెలుగులో మాటాడబూనగా సభ్యులలో కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. ఆ సంఘము చేపట్టిన మొదటి పనులలో ఊరూర గ్రంథాలయములను, పఠనమందిరములను నెలకొల్పుట ముఖ్యమైనది. అవమానము పొందినవారు జగడమునకు పోక పుస్తకములు కొనబూనిరి. ఇది మనము మరచిన సంగతులలో నొకటి.

మన సంఘమునకు సంబంధించిన భాగ మిక్కడ ప్రారంభమగును. వనపర్తి సంస్థానపు రాయణిపేటలో 1869లో పుట్టి, 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగ నుండిన రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. జిల్లాలనుండి పట్టణమునకు చదువుటకు వచ్చు పిల్లలకు కూడును గూడును కల్పించుట దాని ఉద్దేశము. సంస్థానాధీశులును, దేశముఖులును విరాళము లిచ్చిరి. ఇంతవరకు ఇది ఏ కులసంఘమైనను చేయదగిన పనియే. వసతిగృహములు నాడును కట్టిరి, నేడును కట్టుచున్నాము. 1924 ప్రాంతమున ప్రతాపరెడ్డిగారు ఆ వసతిగృహ నిర్వహణమునకు వచ్చి, కొన్ని యేండ్లపాటు ఆ భారమును వహించిరి. వచ్చినవారు బియ్యపు లెక్కలు చూచి ఊరకుండలేదు. అచ్చటి గ్రంథాలయమును చేతబట్టి వేలకొలది గ్రంథములతో నింపిరి.

దీనిని కొంచెము నిలిచి ఆలోచింపుడు. వసతిగృహమునకు వచ్చు కుఱ్ఱవాడు ఇరువది ముప్పది మైళ్ళు ఎడ్లబండిలో వచ్చి రైలెక్కినవాడు. వాని యింట పెద్దబాలశిక్షయు, ఒక భారత పర్వమును ఉన్న గొప్ప. కళాశాలలో వాడు చదువునది అన్యభాష. సాయంకాలము గదికి తిరిగివచ్చునప్పటికి ఇంటి భాషలో వేల పుస్తకములు వానికై వేచియుండుట ఎట్టి యనుభవమో నేటివారికి ఊహింప శక్యము గాదు. ఆ వసతిగృహమున నుండి చదివి తరువాత ప్రజాజీవితమున పేరు పొందినవారిలో రావి నారాయణరెడ్డిగారొకరు. వారి రాజకీయమును మనలో కొందరు మెచ్చుదురు, కొందరు మెచ్చరు. ఆ చర్చ ఇక్కడ వలదు. ఒక కులపు ధనముతో కట్టిన యింట కూర్చుండి చదివిన పిల్లలు ఆ కులపు గోడలు దాటి ఆలోచించుట నేర్చిరి. ఆ గ్రంథాలయము చేసిన మేలు అది యని నా యభిప్రాయము. దాతలలో ఎందరు దీని నుద్దేశించియుందురో చెప్పలేము.

1926 మే 10వ తేదిన గోలకొండ పత్రిక మొదటి సంచిక వెలువడినది. అంతకుముందే 1922లో నల్లగొండనుండి షబ్నవీసు రామనరసింహారావుగారి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు పుట్టియుండెను. ప్రతాపరెడ్డిగారి పత్రిక వారమునకు రెండుమారులు వచ్చుచుండెను. నిజాము ప్రభుత్వము పత్రికలపై కన్నువేసి యుండెడిది. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు చేత సభ జరుపుటకు ముందుగ అనుమతి పొందవలెను. ఇట్టి కాలమున తెలుగుపత్రిక నడపుట కత్తిమీది సాము. ఒకదశలో సంపాదకీయములపై నిర్బంధము రాగా, ప్రతాపరెడ్డిగారు ఆ తావున లోకములోని మహనీయుల సూక్తులను ఏరి ప్రకటింప మొదలుపెట్టిరి. చెప్పదలచినది తన నోట చెప్పరాదన్నచో గొప్పవారి గ్రంథములచేత చెప్పించిరన్నమాట. దొరతనమువారికి అది చికాకై యుండును. పల్లెటూరి చదువరికి మాత్రము, ఏ పుస్తకము వెదకి చదువదగునో తెలియజేయు పట్టికవలె అది ఉపకరించియుండును. నిర్బంధము నుండి పఠనబోధ పుట్టుట అరుదైన సంగతి.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. గ్రంథాలయ మహాసభలకును అధ్యక్షత వహించిరి, గ్రంథాలయోద్యమమును గూర్చి ప్రత్యేకముగ రచన చేసిరి. ఇవి యెల్ల మీరు వినియున్నవే గావున విస్తరింపను.

గోలకొండ కవుల సంచిక విషయము మాత్రము వివరింపక తప్పదు. నిజాము రాష్ట్రమున ఆంధ్రకవులు లేరను అర్థము వచ్చునట్లు ఒక పండితుడు వ్రాసెను. ఆ మాటకు కోపము రానివాడు లేడు. చాలమంది ప్రత్యుత్తరములు వ్రాసియుందురు, సభలలో దూషించియుందురు. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయక, తెలంగాణపు నలుమూలలనుండి కవుల వివరములను, పద్యములను రప్పించిరి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడినది. లేరన్న వానికి ఉన్నవారి పట్టికయే సమాధానము. వాదములో ఇంతటి మర్యాదయు, ఇంతటి దెబ్బయు కలిసి యుండుట నేను వేరెక్కడను చూడలేదు. నా వంటి భాషాపండితుడు కొన్ని పద్యములలో యతిభంగములను వెదకవచ్చును, దొరకకపోవు. కాని ఆ సంచిక కవిత్వపు తూకము చూచుటకు కూర్చినది కాదు. ఏ యూర ఎవరు తెలుగు చదువుచున్నారో, వ్రాయుచున్నారో తెలుపు జనాభాలెక్క అది. ఆ పుటలలో తన యూరి పేరు చూచుకొన్న పల్లెవాని యుబ్బు ఎంతయో! మన గద్వాల, వనపర్తి సంస్థానములు తరతరములుగ కవిపండితులను పోషించినవి. అయినను రాజాస్థానములో పద్యము చదివి సన్మానము పొందుట ఒకటి, అచ్చులో తన పేరు పదిమంది చదువుట మరియొకటి. మొదటిది రాజు దయ. రెండవదానికి రాజుతో పని లేదు.

తరువాతి మజిలీ 1943. ఆ సంవత్సరము మే 26వ తేదిన హైదరాబాదున నిజాము రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడినది. దానిని స్థాపించినవారిలో ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. పరిషత్తు చేసిన పనులలో నాకు మిక్కిలి గొప్పగ తోచునది పరీక్షలు పెట్టుట. పరీక్షయనగా నేటి పిల్లలకు భయము. ఆ పరీక్షలు అట్టివి కావు. బడిలో తెలుగు చదువు భాగ్యము లేనివారికి ఇన్ని పుస్తకములు చదువుడని ఒక క్రమము నిర్ణయించి, చదివి వచ్చినవారికి పత్రమిచ్చు ఏర్పాటు అది. ప్రవేశ, విశారద అను పేళ్ళు మా తరమువరకును తెలుగు ఉపాధ్యాయుల యిండ్లలో వినబడుచుండెను. ఏది మొదట చదువవలెను, ఏది పిమ్మట చదువవలెను అను నిర్ణయమే పుస్తకపఠనములో సగము. ఒక్కమారుగ మనుచరిత్రము చేతికిచ్చినచో ఎంత ఆసక్తి కలవాడైనను నాలుగవ పద్యమునకు పుస్తకము మూయును. మెట్లు కట్టి యెక్కించిన వారు పరిషత్తువారు.

ఒక చిన్న ముచ్చట. వారి జననము మే నెల, పత్రిక పుట్టినది మే నెల, పరిషత్తు పుట్టినది మే నెల. ఇందులో జ్యోతిషమేమియు లేదు. ఎండలకు వెఱచి మనము తలుపులు మూసికొను కాలమున వారు పెద్దకార్యములు మొదలుపెట్టిరని మాత్రము గమనింపవచ్చును. నేడు ప్రభుత్వమువారు గ్రంథాలయ వారోత్సవములను నవంబరు 14 మొదలు 20 వరకు జరుపుదురు. ఆ వారమున పిల్లలకు బడి, పరీక్షల తొందర. వక్తృత్వపు పోటీలు, బహుమతులు అగును. పుస్తకము ఇంటికి పోదు. ఆ ఉత్సవమును నేను నిందించుట లేదు. అది జరుగవలసినదే. ఏప్రిలు నెల ఇరువదవ తేది తరువాత బాలునికి పుస్తకమెవ రిత్తురు అన్నది నా ప్రశ్న. 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టమును వచ్చిన పిదప ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను కూడ మనము కట్టుచున్నాము. ఇటీవల కొన్ని గ్రంథాలయములలో వేసవి శిబిరములు పెట్టి కథలు చదివించుచున్నారు. చాల సంతోషము. కాని ఆ శిబిరములు పట్టణములలో. అడవిగ్రామముల పిల్లవాడు బస్సెక్కి అక్కడకు పోలేడు.

దీనికి ఉపాయము క్రొత్తగ కనిపెట్టనక్కర లేదు. బరోడాలో సయాజీరావు మహారాజుగారి కాలమున 1911 ప్రాంతమునుండియే పుస్తకములు పెట్టెలలో పెట్టి గ్రామములకు పంపుచుండిరి. మన తెలుగునాట 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలపు కాలువ మీద పడవలో గ్రంథాలయమును నడిపించిరి. నీళ్ళున్నచోట పడవ, బాటయున్నచోట పెట్టె. చదువరి రాలేనప్పుడు పుస్తకము కదలవలెను.

ప్రతాపరెడ్డిగారి గ్రంథములు ఈ పెట్టెలో తప్పక ఉండదగినవి. ఏ వయసు వారికేది యని నేను అనుభవముమీద కొంత చెప్పగలను. పండ్రెండు పదమూడేండ్ల పిల్లలకు హిందువుల పండుగలు మంచిది. తమ యింట జరుగు పండుగ ఎందుకు జరుగుచున్నదో పుస్తకములో చూచి, అవ్వ చెప్పినదానితో పోల్చుకొని, అవ్వతో వాదమునకు దిగుదురు. ఆ వాదము మంచిదే. కొంచెము పెద్దవారికి మొగలాయి కథలు. నాటి పరిపాలనలోని వింతలను వారు నవ్వు పుట్టునట్లు చెప్పిరి. ఉర్దూ మాటలు మధ్యమధ్య వచ్చును, ఇంటిలోని తాతను అడిగినచో తెలియును. యువకులకు యువజన విజ్ఞానము. కళాశాల చదువువారికిని, వారి తలిదండ్రులకును ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

ఈ చివరి గ్రంథము 1949లో వెలువడినది. తూర్పు చాళుక్యుల కాలమునుండి 1907 వరకు తెలుగువారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, ఏ దేవరలను కొలిచిరి, అంగళ్ళలో ఏమి అమ్మిరి అను విషయముల నెల్ల ఎనిమిది ప్రకరణములలో చెప్పిరి. రాజులు, యుద్ధములు, పట్టాభిషేకములు మాత్రమే చరిత్రయని నమ్మిన కాలమది. వారు పాల్కురికి సోమనాథుని మొదలు శ్రీనాథుడు, కృష్ణదేవరాయలు, శుకసప్తతి, హంసవింశతి వరకును కావ్యములను తిరుగవేసి, వర్ణనల మధ్య దాగియున్న సామాన్యజనుని బయటికి తెచ్చిరి. మేము సంస్కృతము చదువు దినములలో వర్ణన వచ్చినచో అలంకారమేమి, రసమేమి యని అడుగుదురు. ఆ వర్ణనలో వడ్డించిన కూర యేమి యని అడిగిన గురువు మాకు లేడు. ప్రతాపరెడ్డిగారు అడిగిరి.

ఆ గ్రంథమున వారు పలుమారులు ఒక మొర పెట్టుకొందురు. ఒక ఆటపేరునకో, తినుబండమునకో నిఘంటువు తీసి చూచినచో క్రీడావిశేషమనియో, భక్ష్యవిశేషమనియో యుండును. ఏ విశేషమో చెప్పదు. నిఘంటుకారులు పల్లెలకు పోయి అడిగియుండిన తెలిసెడిదని వారి బాధ. ఇది చదివిన నాడు నాకు సిగ్గు కలిగినది. ఎందుకన నేనును తరగతిలో అట్లే విశేషమని చెప్పి పుట త్రిప్పినవాడనే.

దానికి ప్రాయశ్చిత్తముగ ఒక వేసవిలో నా సొంత పుస్తకములను ఇరువదింటిని ఒక బియ్యపు డబ్బాలో పెట్టి (చెదలు డబ్బాను తొలువలేవు గదా) మా వీథి పిల్లలకు వారమున కొకటి చొప్పున ఇచ్చితిని. సాంఘిక చరిత్రనుండి ఆటల పేర్లు, వంటపాత్రల పేర్లు, ధాన్యపు కొలతల పేర్లు ఒక కాగితమున వ్రాసి, ఇంటిలో ముసలివారిని అడిగి అర్థము తెలిసికొని రండని పంపితిని. మొదటి వారము నలుగురు వచ్చిరి. ఇద్దరు పుస్తకము తెరువనే లేదు. మూడవ వారమునకు పదునొకండుగురైరి. చిఱ్ఱగోనె ఆటలో కొలతకు వాడు లెక్క మాటలు ఒక్కొక్క యింట ఒక్కొక్క తీరుగ నుండుట వలన వారిలో వారికే తగవు వచ్చినది. పెంటనుండి వచ్చి బంధువుల యింట ఉన్న చెంచు బాలు డొకడు తేనె తీయునపుడు వాడు పనిముట్ల పేర్లు, తేనెటీగల రకముల పేర్లు చెప్పసాగెను. మేము వ్రాసికొనుటకు చాలలేదు. వానికి చదువుట ఇంకను సరిగ రాదు. వాని మాటలను ఇతర పిల్లలు వ్రాసి, వ్రాసినదానిని వానిచేత కూడబలికించిరి. వాడు నేర్చిన మొదటి పాఠము వాని నోటి మాటలే. పండితునిగ నేను చేసిన పనులలో ఇదియొకటి మాత్రము ప్రతాపరెడ్డిగారు చూచియుండిన సంతసించియుందురని అనుకొందును. ఆ వేసవిలో ఇరువది పుస్తకములలో పదునేడు తిరిగి వచ్చినవి. పోయిన మూడును ఎవరింటనో ఉన్నవి గదా యని ఊరకుంటిని.

ప్రతాపరెడ్డిగారి కడపటి సంవత్సరములు చెప్పి ముగించెదను. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున విలీనమైన పిమ్మట, 1952లో జరిగిన మొదటి ఎన్నికలలో వారు మన వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. ఆ పదవిలో ఎక్కువకాలము ఉండుటకు ఆయువు చాలలేదు. 1953 ఆగస్టు 25వ తేదిన, ఏబదియేడేండ్ల వయసున స్వర్గస్థులైరి. వారు పోయిన రెండేండ్లకు, 1955లో, ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము వచ్చినది. ఆ అకాడమి తెలుగు గ్రంథమున కిచ్చిన మొదటి బహుమానము అదియే. అందుకొనుటకు వారు లేరు.

వారు నడిపిన వసతిగృహమునకు నాడు విరాళమిచ్చిన పెద్దల వంటివారే నేటి మన సంఘపోషకులును. కల్యాణమంటపమునకు రాయి వేసినవారి పేళ్ళు ఈ సంచికలో చదివి సంతోషించితిని. ఆ మంటపమున వివాహములు లేని దినములలో ఒక గది ఖాళీగ నుండును. అందులో రెండు బీరువాలు పెట్టి, తాళపుచెవి వేసవిలో ఊర నుండు వ్యక్తి చేతికిచ్చినచో ప్రస్తుతమునకు చాలును. ఏ కులపు పిల్లవాడు వచ్చినను పుస్తక మీయవలెనని నా మనవి. ఆ నియమము లేనిచో నేను అడుగను.

మహాసభ జరుగు రెండు దినములును సభామంటపపు ఎడమ వైపున నా బియ్యపు డబ్బా ఉండును. ఇప్పు డందులో నలువది పుస్తకములున్నవి. సెలవులకు పిల్లలను ఊరికి తీసికొనిపోవువారు చిట్టాలో పేరు, ఊరు వ్రాసి కావలసిన పుస్తకమును తీసికొనిపోవచ్చును. బడి తెరచిన వారములోగా తిరిగి చేర్చవలెను. పెన్సిలుతో గీతలు గీసినను ఆక్షేపణ లేదు.